ఈసుకుపోయే రోగం ఎట్లా పాకుతుంది?

ఆదివారం ఔటింగ్‌కు పోయినప్పుడు నాంపల్లి స్టేషన్ దగ్గర గానీ, అబిడ్స్‌లో గానీ ఇరానీ చాయ్ తాగితే ఈ రోగం వస్తుందని భయపడనక్కర లేదు. ఆ హోటళ్లలో పాలు గంటల కొద్దీ మరుగుతాయి. ఈ క్రిమి అందులో బతకదు. జాగ్రత్త పడవలసింది సెలవులకు ఇంటికి పోయినప్పుడే.

దొడ్లో చూడి ఆవు ఐదో నెల దాటాక ఈసుకుపోతే దిష్టి అంటారు, గట్టు దూకింది అంటారు. దెబ్బ తగిలినా అట్లా కావచ్చు. కానీ ఒకదాని వెనుక ఒకటి ఈసుకుపోతుంటే బ్రూసెల్లోసిస్ అని అనుమానించాలి.

దీని క్రిమిని 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టరు, జ్వరంతో చనిపోయిన సిపాయిల్లో కనుగొన్నాడు. అది ఎక్కణ్ణుంచి వస్తుందో చాలా ఏండ్లు తెలియలేదు. 1905లో జమ్మిట్ అనే ఆయన మేకల రక్తం పరీక్షిస్తే, చూడ్డానికి బాగానే ఉన్న మేకల్లో రోగం బయటపడింది! సిపాయిలు తాగింది ఆ మేకల పచ్చిపాలే.

పశువు ఈసుకుపోయినప్పుడు పడిన పిండం, మాయ, ఉమ్మనీరు నిండా ఈ క్రిములు కోట్ల కొద్దీ ఉంటాయి. పక్కనున్న పశువు వాటిని నాకుతుంది, ఆ తడి గడ్డి మేస్తుంది. అంతే, అంటుకుంటుంది. ఎండకు క్రిమి తొందరగా చస్తుంది గానీ నీడలో, తేమలో, చలిలో నెలల తరబడి ఉంటుంది. కొన్ని ఊళ్లలో మాయను గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు కడతారు. అది జారి పడితే కుక్కలు ఇంకొకరి వాకిట్లోకి లాక్కుపోతాయి. తిన్న కుక్కకూ అంటవచ్చు. ఉత్త చేతులతో ముట్టకుండా, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి.

తర్వాతి ఈతకు అదే ఆవు చక్కగా ఈనుతుంది. తగ్గిపోయింది అనుకుంటాం. క్రిమి మాత్రం పాలలోనూ, మాయలోనూ వస్తూనే ఉంటుంది. కొందరు ఆ ఆవును సంతలో అమ్మేస్తారు. చెప్పి అమ్మితే ఎవరు కొంటారు? అట్లా రోగం తలుగుతో సహా పక్క ఊరికి నడిచిపోతుంది.

ఆవు, గేదెలకు ఒక రకం క్రిమి, మేక, గొర్రెలకు ఒకటి, పందులకు, కుక్కలకు వేరేవి. అయినా ఒక జాతి నుంచి ఇంకో జాతికి దాటుతుంటాయి. అమెరికాలో ఎల్లోస్టోన్ అడవిలోని బైసన్ అనే అడవిదున్నల్లో 1917లోనే ఈ రోగం కనిపించింది. పెంపుడు పశువుల నుంచే వాటికి పోయిందంటారు.

మనిషికి వస్తే జ్వరం వచ్చి పోతుంటుంది, చెమటలు, కీళ్లనొప్పులు, నడుంనొప్పి. మనవైపు ఇట్లాంటి జ్వరమంటే మలేరియా అనే అనుకుంటారు. పరీక్షలో మలేరియా లేదని తేలితే, "మా ఇంట్లో ఆవు ఈసుకుపోయింది సార్" అని డాక్టరుతో చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు మాత్రం ఎట్లా తడుతుంది?

పశువులకు టీకా ఉంది. 4 నుంచి 8 నెలల ఆడదూడలకు, జీవితంలో ఒక్కసారే. కోడెలకు, చూడి పశువులకు వేయరు. 2019లో మొదలైన జాతీయ పథకంలో ఈ టీకా కూడా ఉంది. పశువుల టీకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ నాంపల్లికి కొంచెం అవతల శాంతినగర్‌లో ఉంది గానీ, అక్కడిదాకా పోనక్కర లేదు. మీ ఊరి పశువుల డాక్టరును అడిగితే చాలు. ఈసారి ఇంటికి ఉత్తరం రాసినా, ఫోన్ చేసినా మీ పెయ్యకు ఎన్ని నెలలో కనుక్కోండి.