జోడీ కుదిరితేనే ఆట

రాత్రి పది గంటలకు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో బీ షిఫ్ట్ వదులుతారు. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వైపు నుంచి కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు ముంబై హైవే ఎక్కుతాయి. ఇస్నాపూర్ చుట్టుపక్కల అద్దె గదుల్లో నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసి ఉంటారు. ఒకరిది నారాయణఖేడ్ అయితే ఇంకొకరిది ఒడిశా, మరొకరిది బిహార్. అన్నం తిని, గోడకు ఆనుకుని కూర్చుని ఫోన్లు తీస్తారు. నిద్రపట్టే లోపు రెండు మూడు ఆటలు. బీజీఎంఐ అనే తుపాకుల ఆట తెరిచి స్టార్ట్ నొక్కగానే తెరమీద సెకన్లు లెక్క మొదలవుతుంది. పది, ఇరవై, ముప్పై. ఆపై విమానం కదులుతుంది, వంద మంది ఒక దీవి మీదికి దూకుతారు.

కొన్నిసార్లు దూకిన రెండో నిమిషానికే కథ ముగుస్తుంది. ఎదుటివాడు ఎక్కడున్నాడో కనిపించకముందే గుండు తగులుతుంది. “లాబీ మొత్తం ప్రో ప్లేయర్లే అన్నా” అంటాడొకడు. “లాగ్ కొట్టింది తమ్మీ” అంటాడు ఇంకొకడు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఆ వంద మందిని ఏ లెక్కన ఒకచోట చేర్చారన్నదే అసలు విషయం. గేమింగ్ కంపెనీలు దీన్ని మ్యాచ్‌మేకింగ్ అంటాయి. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషికి దక్కిన గంట సరదా ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది కాబట్టి, అది ఎలా నడుస్తుందో తెలుసుకోవడం అతని హక్కు.

జోడీ కట్టడమన్నది ఈ ప్రాంతానికి కొత్త కాదు. నారాయణఖేడ్, జహీరాబాద్ దిక్కు జాతరల్లో కుస్తీ పోటీలు కొబ్బరికాయ కుస్తీతో మొదలవుతాయి. మొదట పిల్లలు, కుర్రాళ్లు బరిలోకి దిగుతారు. పోనుపోను పందెం సొమ్ము పెరుగుతుంది, పేరున్న పహిల్వాన్లు వస్తారు. చివరి కుస్తీ గెలిచినవాడికి వెండి కడియం. ఎవరి ఒడ్డూ పొడుగూ ఎంత, ఎవరు ఎక్కడ ఎవరిని పడగొట్టారో పెద్దమనుషులకు తెలుసు. సరితూగే ఇద్దరిని చూసి చేతులు కలిపిస్తారు. చూసేవాళ్లకు నచ్చకపోతే అక్కడే అరిచి చెబుతారు. ఆన్‌లైన్ ఆటలో ఆ పెద్దమనిషి పని కంప్యూటర్ చేయాలి, అదీ ముఖం చూడకుండా, లక్షల మందికి, సెకన్లలో. అరిచి చెప్పే జనం అక్కడ ఉండరు.

కంప్యూటర్‌కు ఆ చూపు చదరంగం నుంచి వచ్చింది. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో, ఆటగాళ్ల బలాన్ని ఒక అంకెలో చెప్పే పద్ధతి రూపొందించాడు. దాన్ని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరి, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడని పత్రికల్లో చదివాం కదా, ఆ అంకె ఇదే.

లెక్క సులువే. ఇద్దరి రేటింగ్ మధ్య 200 తేడా ఉంటే, వంద ఆటల్లో పైవాడికి 76 పాయింట్ల దాకా రావాలి. ఫిడే పద్ధతిలో మామూలు ఆటగాళ్లిద్దరు సమానులైతే, గెలిచినవాడికి 10 పాయింట్లు కలుస్తాయి, ఓడినవాడికి అంతే తగ్గుతాయి. 400 తేడా ఉన్నప్పుడు పెద్దవాడు గెలిస్తే దక్కేది 2 పాయింట్ల లోపే. చిన్నవాడు గెలిస్తే 18 దాకా. ఊహించిన ఫలితం వస్తే అంకె పెద్దగా కదలదు, ఊహించనిది వస్తే ఎగురుతుంది. ఆ కదలిక వల్లే ఎవరి అంకె వారి అసలు బలానికి చేరువవుతుంది.

కానీ నిన్ననే ఆట డౌన్‌లోడ్ చేసుకున్నవాడి సంగతేమిటి? అతని అంకె ఎవరికీ తెలియదు. మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్త 1990లలో తెచ్చిన గ్లికో పద్ధతి ఇక్కడే ముందడుగు వేసింది. బలం ఎంత అన్నదానితోపాటు, ఆ అంచనా మీద నమ్మకం ఎంత అన్నది కూడా రాసుకుంటుంది. లిచెస్ అనే ఉచిత చెస్ సైట్‌లో కొత్తగా చేరితే 1500 అంకె, పక్కనే ప్రశ్నార్థకం కనిపిస్తాయి. నాలుగు ఆటలు ఆడేసరికి అంకె వందల్లో అటూ ఇటూ ఊగుతుంది. ఆడేకొద్దీ ఊపు తగ్గి, ప్రశ్నార్థకం పోతుంది. కొన్నాళ్లు ఆడకపోతే అనుమానం మళ్లీ పెరుగుతుంది. ఛఠ్ పండగకు బిహార్ వెళ్లి నెల తర్వాత గదికి తిరిగొచ్చిన కుర్రాడి చేయి మునుపటిలా ఆడకపోవచ్చని ఈ పద్ధతికి తెలుసు.

చెస్‌లో ఒకరికి ఒకరు. తుపాకుల ఆటలో నలుగురికి నలుగురు, లేదా వంద మందిలో పాతిక జట్లు. జట్టు గెలిస్తే ఆ ఘనత ఎవరిది? మైక్రోసాఫ్ట్ కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ కోసం చేసిన ట్రూస్కిల్ ఈ చిక్కు విప్పబోయింది. జట్టు ఫలితం నుంచి ఒక్కొక్కరి బలాన్ని వేరుచేసి లెక్కగట్టింది. గెలుపోటములు మాత్రమే చూస్తే చాలదని తర్వాత తేలింది. అందుకే 2018లో ట్రూస్కిల్ 2 వచ్చింది. ఎంతమందిని పడగొట్టాడు, దోస్తులతో జట్టుగా వచ్చాడా, మధ్యలో వదిలిపోయే అలవాటుందా, వేరే మోడ్‌లలో ఎలా ఆడతాడు, ఇవన్నీ లెక్కలో చేరాయి. హాలో 5 అనే ఆట రికార్డుల మీద పరీక్షిస్తే, ఎవరు గెలుస్తారో పాత పద్ధతి 52 శాతమే సరిగ్గా చెప్పింది, కొత్తది 68 శాతం. దాదాపు బొమ్మా బొరుసూ స్థాయి నుంచి అక్కడికి రావడం చిన్న విషయం కాదు.

ఇందులో ఇస్నాపూర్ గదికి బాగా పనికొచ్చే సంగతి జట్టుగా రావడం. రోజూ పక్కపక్కన కూర్చుని ఆడే నలుగురు ఒకరినొకరు నోటితో పిలుచుకుంటారు, ఎవరు ఎటు పరుగెడతారో చెప్పకుండానే తెలుసు. ఎవరికి వారు స్టార్ట్ నొక్కి అప్పటికప్పుడు కలిసిన నలుగురు అపరిచితులను వాళ్లకు ఎదురు పెడితే, విడివిడిగా అంకెలు సమానమైనా పోరు సమానం కాదు. మంచి పద్ధతి కుదురుకున్న జట్టును కొంచెం బరువుగా తూచాలి.

బలం ఒక్కటే సరితూగితే చాలదు, దూరం కూడా చూడాలి. ఫోన్ నుంచి సర్వర్‌కు సమాచారం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయమే ఆటగాళ్లు పింగ్ అనేది. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబై ఆకాశమార్గాన 600 కిలోమీటర్ల పైచిలుకు, సింగపూర్ 3,300 కిలోమీటర్ల దాకా. అంటే తీగ తిన్నగా వేసినా సింగపూర్‌కు రానుపోను 33 మిల్లీసెకన్లు తప్పవు, ముంబైకి ఆరేడు చాలు. నిజానికి తీగలు తిన్నగా పోవు, దారిలో ఎన్నో మజిలీలు. దానికి తోడు రేకుల కప్పు గదిలో, ఒకే టవర్‌ను షిఫ్ట్ వదిలిన వందల మంది పంచుకునే వేళ, మొబైల్ డేటా వాడేవాడికి పింగ్ వంద దాటితే ఆశ్చర్యం లేదు. తెరమీద శత్రువు గోడ చాటునే ఉంటాడు, సర్వర్ లెక్కలో అప్పటికే బయటికొచ్చి కాల్చేసి ఉంటాడు. కుర్రాడు తన చేతివాటాన్ని తిట్టుకుంటాడు. తప్పు అతనిది కాదు.

మూడోది నిరీక్షణ. సమాన బలం, దగ్గరి సర్వర్ రెండూ కావాలంటే ఆడేందుకు సిద్ధంగా ఉన్నవాళ్లు దండిగా ఉండాలి. ఓ లెక్క వేసి చూద్దాం. ఒక క్షణంలో 6,000 మంది ఎదురుచూస్తున్నారనుకుందాం. ఒంటరి, ఇద్దరు, నలుగురు అని మూడు వరుసలుగా విడదీస్తే తలా 2,000. అయిదు మ్యాపులుగా చీలిస్తే 400. బ్రాంజ్ నుంచి పైకి ఎనిమిది మెట్లుగా పంచితే 50. వంద మంది కావలసిన ఆటకు సగమే దొరికారు. అందుకే చాలా ఆటలు మొదట ఇరుకుగా వెతికి, సెకన్లు గడిచేకొద్దీ హద్దులు సడలిస్తాయి. రాత్రి పది గంటలకు ఆడేవాడికి ఇది పెద్దగా తెలియదు. సీ షిఫ్ట్ దిగి పొద్దున ఆరున్నరకు ఫోన్ తెరిచేవాడికి తెలుస్తుంది. అప్పుడు వరుసలో జనం పలుచన, హద్దులు బాగా సడలుతాయి, ఎవరు దొరికితే వారే ఎదురు. వారం వారం షిఫ్ట్ మారే మనిషికి ఒకే ఆట రెండు ఆటల్లా అనిపించేది ఇందుకే.

ఖాళీలు పూడ్చడానికి కంపెనీలు బాట్లను, అంటే కంప్యూటరే నడిపే బొమ్మ ఆటగాళ్లను దింపుతాయి. 2019లో ఫోర్ట్‌నైట్ ఈ సంగతి ముందుగా ప్రకటించి మరీ దింపింది. కొత్తవాడు నేర్చుకోవడానికి బాట్లు మేలే. అయితే ఎదుట ఉన్నది మనిషో బొమ్మో ఆటగాడికి తెలియాలి. ఇరవై మందిని పడగొట్టానని ఊళ్లో తమ్ముడికి ఫోన్ చేసి చెప్పుకున్నాక, వాళ్లలో సగం బొమ్మలని తెలిస్తే ఆ కుర్రాడి మనసు చివుక్కుమంటుంది.

బలం చూసి జోడీ కట్టడం మీద ప్రపంచమంతటా గేమర్లలో పెద్ద తగవే ఉంది. బాగా ఆడేవాళ్లకు ఇది గిట్టదు, ప్రతి ఆటా ఫైనల్‌లా ఉంటే సేదతీరేదెప్పుడని వాళ్ల వాదన. కాల్ ఆఫ్ డ్యూటీ తయారీదారు యాక్టివిజన్ 2024లో ఈ విషయం మీద పత్రాలు విడుదల చేసింది. జోడీ కట్టేటప్పుడు తాము మొదట చూసేది కనెక్షన్ అని చెప్పింది. ఆటగాళ్లకు చెప్పకుండా చేసిన ఒక ప్రయోగం ఫలితం కూడా బయటపెట్టింది. కొంతమందికి బలం పట్టింపును తగ్గించి చూస్తే, 90 శాతం మంది ఆటకు తిరిగి రావడం తగ్గింది. పైనున్న 10 శాతం మాత్రం మరింత ఇష్టంగా వచ్చారు. కింది వరుస విసిగి వెళ్లిపోతే దాని పైవరుస కిందికి చేరుతుంది, తర్వాత దెబ్బలు తినేది వాళ్లే. చివరికి పైవాళ్లకూ ఆడేందుకు మనుషులు మిగలరు. ఈ తగవులో న్యాయం కింది వరుసవాళ్ల పక్షానే ఉంది.

ఆటగాళ్ల తప్పూ ఉంది. పైమెట్టు ఎక్కినవాడు కొత్త ఐడీ తీసుకుని కిందివాళ్ల మధ్య దూరి ఆడుకోవడం మామూలైపోయింది. అలాంటి 90 వేల ఖాతాలను వాల్వ్ సంస్థ 2023 సెప్టెంబరులో తన డోటా 2 ఆట నుంచి నిషేధించింది. కొత్త ఐడీ మొదటి నాలుగు ఆటల తీరు చూసి పైకి తోసేయడం ఇంకో మందు. పబ్జీ మొబైల్ అయితే, ఫోన్ ఆటను కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్ పెట్టి ఆడేవాళ్లను వేరే వరుసలో ఉంచింది. మౌస్ పట్టినవాడికి, బొటనవేళ్లతో ఆడేవాడికి పోటీ పెట్టకపోవడం మంచి నిర్ణయం. పదివేల రూపాయల ఫోన్‌కూ, సెకనుకు 120 ఫ్రేములు చూపే ఖరీదైన ఫోన్‌కూ మధ్య తేడాను కూడా ఇలాగే లెక్కలోకి తీసుకోవాల్సి ఉంది.

అన్నిటికన్నా ఎక్కువగా అడగవలసింది ఇంకొకటుంది. ఆటలో కొనుగోళ్లు పెరిగేలా జోడీలు కట్టే ఒక పద్ధతికి యాక్టివిజన్‌కు 2017లో అమెరికాలో పేటెంట్ దక్కింది. దాన్ని ఏ ఆటలోనూ వాడలేదని సంస్థ అప్పుడే చెప్పింది. వాడినా వాడకపోయినా, జోడీ కట్టే చేయి ఆటగాడి మేలు కోసం కదులుతోందా, అతని జేబు కోసం కదులుతోందా అన్న సందేహం నిలిచిపోయింది. సందేహం తీరాలంటే దారి ఒక్కటే, నియమాలు బయటపెట్టడం.

అది కుదరని పనేం కాదు. 2023 మేలో బీజీఎంఐ నిషేధం తర్వాత తిరిగొచ్చినప్పుడు మైనర్లకు రోజుకు 3 గంటలు, మిగతావారికి 6 గంటలన్న పరిమితి అందరికీ చెప్పే పెట్టారు. లిచెస్ అయితే తన సాఫ్ట్‌వేర్ కోడ్ మొత్తాన్ని ఎవరైనా చదువుకునేలా తెరిచి ఉంచింది. 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. క్రీడ అన్నాక జోడీల నియమం రహస్యంగా ఉండకూడదు. పింగ్ హద్దు ఎంత, బలం తేడా ఎంతవరకు ఒప్పుకుంటారు, ఎంతసేపటికి హద్దులు సడలిస్తారు, లాబీలో బాట్లు ఎందరు, ఈ నాలుగు అంకెలను ప్రతి మ్యాచ్ ముగిశాక తెలుగులో, హిందీలో, ఒడియాలో తెరమీద చూపాలి. మన దేశంలో కోట్లమందిని ఆడిస్తున్న కంపెనీలు ఇది చేయాలి. గేమ్ స్టూడియోలకు హైదరాబాద్ కూడా ఒక నెలవు. అక్కడ పనిచేస్తున్న మన ఇంజినీర్లు ముందు తమ సంస్థల్లో ఈ మాట ఎత్తాలి.

ఆటగాళ్లు కూడా అడగాలి. ఆట మొదలయ్యేముందు తెరమీద పింగ్ చూసుకోండి, సర్వర్ ఎంచుకునే వీలుంటే దగ్గరిది ఎంచుకోండి, రెండో ఐడీతో కొత్తవాళ్ల మధ్య దూరకండి. జోడీ మరీ అన్యాయంగా పడితే పింగ్, సమయం, ఎదుటివారి మెట్టు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆటలోనే ఉండే ఫిర్యాదు విభాగానికి పంపండి.