టాప్ తెరిచే పాత కారు కొనాలంటే

సూరత్ వీధుల్లో పైకప్పు తెరుచుకునే చిన్న కారు అరుదు. 1990ల చివర్లో శాన్ మోటార్స్ తెచ్చిన రెండు సీట్ల 'స్టార్మ్'కు ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో 1.2 లీటర్ ఇంజిన్. చూడముచ్చటైన బండే, కానీ ఇప్పుడు విడిభాగాలు దొరకడం కష్టం. మినీ కూపర్ కన్వర్టిబుల్ అయితే సర్వీస్ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇంజిన్ కన్నా ముందు చూడాల్సింది కప్పునే. మినీ టాప్ సుమారు 18 సెకన్లలో తెరుచుకుంటుంది. మధ్యలో ఆగినా, కీచుమన్నా బేరం ఆపాల్సిందే. టాప్ మూసి, పైనుంచి నీళ్లు పోయించాలి. గుడ్డ కుట్లు, అంచు రబ్బర్లు చేత్తో తడిమి చూడాలి. కార్పెట్ ఎత్తితే ముక్క వాసన వస్తోందా? సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద మరకలున్నాయా? 2006 ఆగస్టులో తాపీ వరద ముంచెత్తిన నగరమిది. అలాంటి నీటిలో మునిగిన కారుకు పైపై పాలిష్ ఎంత పెట్టినా లోపల తుప్పు, వైరింగ్ తిప్పలు తప్పవు.

కాగితాలు కూడా అంతే ముఖ్యం. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 కావాలి. పాత లోన్ తీరితే ఫారం 35తో దాన్ని ఆర్సీ నుంచి తీయించాలి. బండి వేరే రాష్ట్రానిదైతే ఎన్‌ఓసీ తప్పనిసరి. కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ బదిలీకి దరఖాస్తు చేయాలి.

ఆర్సీ మీ పేరుకు మారేదాకా పూర్తి డబ్బు చేతిలో పెట్టకండి.