చర్చా మర్యాద

నలుగురు కూడి చేయు పనికి మాటయే ఆధారము. మాట పొందికగా సాగెనేని పని నెరవేరును. తప్పుదారి పట్టెనేని పనితోపాటు స్నేహమును చెడును. అందుచేతనే ఆటకు నియమములున్నట్లు చర్చకును నియమములు ఏర్పడినవి. అవి నిన్న నేడు పుట్టినవి కావు.

తిరుపతిలో 1961లో వెలసిన సంస్కృత విద్యాపీఠము 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైనది. అచట బోధింపబడు శాస్త్రములలో న్యాయశాస్త్రమొకటి. న్యాయమనగా ఇచట న్యాయస్థానపు తీర్పు కాదు. సరిగా ఆలోచించుటకును, సరిగా చర్చించుటకును మార్గము చూపు శాస్త్రమని అర్థము. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగా విభజించినవి. సత్యమును తెలిసికొనగోరి చేయునది వాదము. ఎట్లైనను గెలువవలెనని చేయునది జల్పము. తన పక్షమేదియు నిలుపక, ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. ‘వితండవాదము’ అని నేటికిని మన యిండ్లలో వినబడు మాటకు మూలమిదియే.

మాటలకు పెడర్థములు తీయుట జల్పమునందొక ఎత్తుగడ. దానికి ‘ఛలము’ అని పేరు. ప్రాచీనులు దీనికి చక్కని ఉదాహరణము చూపిరి. ఒక బాలుడు క్రొత్త కంబళి కప్పుకొని వచ్చును. అతనిని చూచి ఒకడు ‘నవకంబళుడు’ అనును. ‘నవ’ శబ్దమునకు క్రొత్త అనియు, తొమ్మిది అనియు రెండర్థములు కలవు. వెంటనే మరియొకడు, “తొమ్మిది కంబళ్లెక్కడ? ఉన్నది ఒక్కటియే కదా!” అని పరిహసించును. విన్నవారు నవ్వవచ్చును, కాని వారికి క్రొత్తగా తెలిసినదేమియు లేదు. ఎదుటివాడు ఏ అభిప్రాయముతో పలికెనో దానినే గ్రహించి బదులు చెప్పుట చర్చకు మొదటి మర్యాద. కావుననే శాస్త్రకారులు ఎదుటివారి వాదమును పూర్వపక్షముగా ముందు వివరించి, పిమ్మట తమ సిద్ధాంతమును నిలుపుదురు.

కంప్యూటర్లు వచ్చిన ఈ కాలమున ఈ మర్యాద మరింత అవసరమైనది. 2015లో ప్రారంభమైన తిరుపతి ఐ.ఐ.టి. నేడు ఏర్పేడు సమీపమున నడచుచున్నది. అట్టి విద్యాలయములలో కంప్యూటరు శాస్త్రము నేర్చువారు ప్రోగ్రాములు వ్రాయుదురు. ప్రోగ్రామనగా కంప్యూటరు చేయవలసిన పనిని అంచెలంచెలుగా తెలుపు ఆజ్ఞల వరుస. అందు ఒక్క గుర్తు మారినను ఫలితము తారుమారగును. వ్రాసినవానికి తన తప్పు తనకు కనబడుట కష్టము. కనుక ప్రోగ్రాములు వ్రాయువారు దేశదేశములందలి తోటివారిని అడుగుచు, ఒకరి వ్రాతను ఒకరు పరిశీలించుచు పని సాగింతురు. వీరిలో పలువురు ఒకరి ముఖమొకరు చూచినవారు కారు. వారి నడుమ ఉన్నది మాట ఒక్కటియే.

అట్టిచోట ప్రశ్నించుటకును ఒక పద్ధతి కలదు. దామలచెరువు మామిడి మండీలో ఉపయోగపడునట్లు ఒక విద్యార్థి ప్రోగ్రాము వ్రాసెననుకొనుడు. బుట్టల సంఖ్యయు, ఒక్కొక్క బుట్ట బరువును ఇచ్చినచో మొత్తము బరువు రావలెను. కాని లెక్క తప్పుచున్నది. “నా ప్రోగ్రాము పనిచేయుటలేదు, ఎవరైనను చెప్పుడు” అని అతడడిగినచో ఎవ్వరును సాయపడజాలరు. వైద్యుని యొద్దకు పోయి, “ఒంట్లో బాగులేదు” అని మాత్రము చెప్పి ఊరకుండుట వంటిదది. “బుట్టలు 10, ఒక్కొక్కటి 20 కిలోలు, 200 రావలసియుండగా 30 వచ్చుచున్నది” అని చెప్పి, తాను వ్రాసిన పంక్తులను చూపినచో, గుణింపవలసినచోట కూడినాడని చూచినవారు ఇట్టే కనిపెట్టుదురు. తాను కోరినదేమి, జరిగినదేమి, తాను చేసిన ప్రయత్నమేమి, ఈ మూడును తెలుపుట అడుగువాని విధి. అదే ప్రశ్నకు ఇదివరకెవరైనను సమాధానము చెప్పిరేమో వెదకుటయు అతని విధియే.

బదులు చెప్పువానికిని విధులు కలవు. తెలియనివానిని పరిహసింపరాదు, నేడు బదులు చెప్పువాడు నిన్న అడిగినవాడే. “ఈ పంక్తిలో కూడిక బదులు గుణకారముండవలెను” అన్నచో అడిగినవాడు నేర్చుకొనును. “నీకీ విద్య రాదు” అన్నచో మరల అడుగడు. అడుగనివాని తప్పు అట్లే దాగియుండును.

ఈ సంగతి గొప్ప నిపుణులకును తెలిసివచ్చినది. ఫిన్లండు దేశపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు అను మూల ప్రోగ్రామును మొదలుపెట్టెను. వేలమంది కృషితో అది పెరిగి, నేటి ఆండ్రాయిడు ఫోనులకును ఆధారమైనది. తోటివారి వ్రాతలోని దోషములను కటువుగా విమర్శించుటలో ఆయన పేరుపడెను. 2018 సెప్టెంబరులో ఆయన తన పరుషవాక్యములకు బహిరంగముగా క్షమాపణ కోరి, కొంతకాలము పనినుండి తొలగియుండెను. ఆ నెలలోనే లినక్సు నిర్మాతలు నూతన ప్రవర్తనా నియమావళిని స్వీకరించిరి.

దాగిన తప్పు ఎంత నష్టము కలిగించునో, బయటపడిన తప్పు ఎంత మేలు చేయునో శ్రీహరికోట చరిత్ర చెప్పును. నేడు తిరుపతి జిల్లాలోనున్న ఆ కేంద్రమునుండి 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటిసారి పైకెగసెను. రెండవ దశ విడిపోవు సమయమున అది ఒడుదుడుకునకు లోనయ్యెను. దానిని సరిదిద్దవలసిన నియంత్రణ ప్రోగ్రాములో దోషముండుటచే రాకెట్టు దారి తప్పి, ఉపగ్రహముతోకూడ బంగాళాఖాతమున పడిపోయెను. నిపుణులు వైఫల్య కారణములను పరిశీలించి, దోషములను సవరించిరి. 1994 అక్టోబరు 15న జరిగిన రెండవ ప్రయోగము జయప్రదమయ్యెను. ఆ జాతి రాకెట్టే 2008లో చంద్రయానమును, 2013లో మంగళయానమును మోసికొనిపోయినది.

తరగతిలోనైనను, శాస్త్రజ్ఞుల సభలోనైనను చర్చకు ధర్మమొక్కటియే. అడుగువాడు స్పష్టముగా అడుగవలెను. వినువాడు సాంతముగా వినవలెను. బదులు చెప్పువాడు విషయమును పట్టవలెనేకాని వ్యక్తిని పట్టరాదు. తప్పు ఎవరిదని కాక, ఎక్కడున్నదని వెదకువారికే సత్యము చిక్కును.