మోటారు ఇరుసున మెఱుపు

కార్వేటినగర ప్రాంతమున బండి తోలిన వారికి ఇరుసు, కందెనల సంబంధము చెప్ప నక్కఱలేదు. కందెన యారిన నిరుసు కూయును. కాని చక్కగా గ్రీజు పెట్టిన మోటారు సైతము కొన్ని మాసములకే గోలపెట్టుట గలదు. బేరింగు మార్చుదురు, మఱల నదియే కథ. దోషము బేరింగుది కాదు.

మన జిల్లాలోని మామిడిగుజ్జు ఫ్యాక్టరీలవంటి చోట్ల, మోటారు వేగమును కావలసినట్లు మార్చుటకు ఇన్వర్టరు డ్రైవు అను పెట్టెను బిగింతురు. కరెంటు పోయినపుడు ఇంట దీపము వెలిగించునది వేఱు. ఈ పెట్టె విద్యుత్తును ఆదా చేయును గనుక దానిని నేను నిందింపను.

లైనున వచ్చు మూడు ఫేజులు మూడు అలలు. ఏ క్షణమున గూడినను మొత్తము సున్న. డ్రైవు అట్లు కాదు. సెకనునకు కొన్నివేల మారులు స్విచ్చు వేసి తీసి, తునుకలతో అలను కూర్చును. ఆ తునుకల మొత్తము సున్న కాదు. మిగిలిన వోల్టేజి, తీగ తగులకయే, గాలిసందు దాటి రోటరునకు సోకి ఇరుసుపై పేరుకొనును. నేలకు దిగుటకు దానికి దారి బేరింగు గుండ్లే. గుండునకు, గాడికి నడుమ గ్రీజుపొర వెండ్రుకకంటె నెన్నోరెట్లు పలుచన. దానిని చీల్చుకొని చిన్న మెఱుపు దూకును. దూకినచోట ఉక్కు కరగి గుంట పడును. ఇట్టివి లెక్కకు మిక్కిలియై, తుదకు గాడియందు దున్నిన చాళ్లవలె అడ్డగీతలు తేలును, గ్రీజు నల్లబడును. పాత బేరింగును పాఱవేయక కోయించి చూడుడు, చాళ్లే సాక్ష్యము.

ఇరుసు విద్యుత్తును గూర్చి ఆల్జరు, సాంసను అనువారు అమెరికాలో 1924లోనే వ్రాసిరి. 1990 తరువాత వేగపు స్విచ్చులు వ్యాపించుటతో బాధ హెచ్చినది. బోరుబావిలో మునిగియుండు నీటినింపుడు మోటారులందు సాధారణముగా గుండ్ల బేరింగులుండవు. ఈ మాట నేలపై మోటారులకే.

చికిత్సకు మొదటిది ఎర్తు. డ్రైవునుండి మోటారునకు లోహపు తొడుగుగల కేబులు వేసి, తొడుగును రెండు కొనలను ఎర్తుకు కలుపవలెను. పిమ్మట ఇరుసును తాకు కార్బను కుచ్చు. గోపురముపై పిడుగుకడ్డీవలె నిది వేఱు దారి చూపును. పెద్ద మోటారులందు వెనుకవైపు బేరింగునకు పింగాణీ పూతగలది వేయుదురు. కాని కుచ్చు లేక పూత మాత్రమే వేసినచో, విద్యుత్తు జోడించిన పంపు బేరింగును పట్టవచ్చును. స్విచ్చు వేగమును తగ్గించుటకు ఖర్చు లేదు, మోటారు కొంత యీల వేయును, అంతే.

తోతాపురి కాయ దిగు జూన్, జూలై మాసములలో మోటారు నిలిచిన, గేటుముందు ట్రాక్టరులలో కాయ మురుగును. కావున వేసవిలోనే, తెలిసిన ఎలక్ట్రీషియనుచే ఆసిల్లోస్కోపుతో ఇరుసు వోల్టేజిని కొలిపింపవలెను. సాధారణ మీటరు ఈ మెఱుపులను పట్టజాలదు.