బడులు కలిపితే చాలదు.. గురువులు నిలవాలి

* పిల్లలు తగ్గిన ప్రాథమిక పాఠశాలలపై ఏటా అదే చర్చ
* విలీనంతో మిగిలే ఉపాధ్యాయులు ఎక్కడికి వెళ్తారన్నదే కీలకం
* కాజీపేటలో దూరం లెక్కకు రైలు పట్టాలే పరీక్ష

కాజీపేట: ఏటా జూన్ 12న బడి గంట మోగుతుంది. దాని వెంటే ఒక పాత ప్రశ్న కూడా వినిపిస్తుంది. పది మంది పిల్లలున్న బడిని అలాగే నడపాలా? పక్క బడిలో కలపాలా? విలీనం అంటే మూసివేతేనని తల్లిదండ్రులు భయపడతారు. చిన్న బడి అంటే వృథా ఖర్చని లెక్కలు చూసేవారు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే అసలు విషయం ఈ రెండింటికీ మధ్యన ఉంది. బడులను కలిపినప్పుడు మిగిలే ఉపాధ్యాయులు ఆ పిల్లల దగ్గరే ఉంటారా, మరో చోటికి తరలిపోతారా అన్న దానిపైనే విలీనం మేలో కీడో తేలుతుంది.

ఈ ప్రశ్నకు కాజీపేట మంచి ఉదాహరణ. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో హన్మకొండ మండలం నుంచి విడిపోయి ఇది ప్రత్యేక మండలమైంది. 2021 ఆగస్టులో జిల్లా పేరు వరంగల్ అర్బన్ నుంచి హనుమకొండగా మారింది. జంక్షన్ చుట్టూ పెరిగిన రైల్వే పట్టణం ఒకవైపు, మడికొండ, కడిపికొండ వంటి పాత గ్రామాలు మరోవైపు ఉన్నాయి. ఈ గ్రామాలు వరంగల్ మహానగర పాలక సంస్థలో కలిసినా వాటి బడుల అవసరాలు పల్లె బడుల అవసరాల్లాగే ఉన్నాయి.

ఇన్ని బడులు ఎలా వచ్చాయి?

ఒకప్పటి లక్ష్యం వేరు. ప్రతి ఆవాసానికీ ఒక బడి ఉండాలన్నదే అప్పటి ధ్యేయం. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడతగా ఐదు జిల్లాల్లో మొదలైంది. వాటిలో వరంగల్ ఒకటి. కొత్త గదులు, కొత్త బడులు, ఉపాధ్యాయులకు శిక్షణ ఆ కాలంలో వచ్చాయి. 2001 నుంచి సర్వశిక్షా అభియాన్ ఆ పనిని కొనసాగించింది. వాగు దాటలేక, అడవి దారిలో నడవలేక బడి మానేసిన పిల్లలకు ఇంటి పక్కనే పలక పట్టే అవకాశం దక్కింది. నేడు చిన్నబడి అని చిన్నచూపు చూస్తున్న వాటిలో అనేకం అలా పుట్టినవే.

తర్వాత పరిస్థితి మారింది. కుటుంబాలు చిన్నవయ్యాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సగటున ఒక మహిళకు 1.8 మంది పిల్లలు. ఆంగ్ల మాధ్యమం కోసం ప్రైవేటు బస్సు ఎక్కే పిల్లల సంఖ్య పెరిగింది. ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల వరకు ఆంగ్ల మాధ్యమం 2022-23లో గానీ రాలేదు. గురుకులాలు 5వ తరగతి నుంచే ప్రవేశాలు ఇస్తుండటంతో నాలుగో తరగతి పూర్తిచేసిన చురుకైన పిల్లలు కొందరు అటు వెళ్తున్నారు. ఆ మేరకు ప్రాథమిక పాఠశాలలో చివరి తరగతి పలుచబడుతోంది.

2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 12,912, తెలంగాణలో 5,001 ఉన్నాయి. ఒక్క విద్యార్థీ లేని బడులు తెలంగాణలో 2,245గా నమోదయ్యాయి. పిల్లలే లేని బడి సంగతి వేరు. అక్కడ నిర్ణయం సులభం. చిక్కంతా పది, ఇరవై, ముప్పై మంది ఉన్న బడుల దగ్గరే.

చట్టం ఏం చెబుతోంది?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రాథమిక పాఠశాలకు కనీస ఉపాధ్యాయుల సంఖ్యను నిర్దేశించింది.

* 60 మంది పిల్లల వరకు ఇద్దరు
* 61 నుంచి 90 వరకు ముగ్గురు
* 91 నుంచి 120 వరకు నలుగురు
* 121 నుంచి 200 వరకు ఐదుగురు
* 150 దాటితే అదనంగా ప్రధానోపాధ్యాయుడు

ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని కూడా చట్టం చెప్పింది. అంటే రోజుకు నాలుగు గంటలు. ఒక్క ఉపాధ్యాయుడు ఐదు తరగతులకు ఆ సమయాన్ని పంచితే ఒక్కో తరగతికి దక్కేది 48 నిమిషాలు. ఇద్దరుంటే 96 నిమిషాలు. రెండు మూడు తరగతులను ఒకేచోట కూర్చోబెట్టి నేర్పుగా బోధించే ఉపాధ్యాయులు లేకపోలేదు. కానీ ఒకటో తరగతి పిల్లవాడికి అక్షరం దిద్దించాలి, ఐదో తరగతి పిల్లకు భాగహారం చెప్పాలి. రెండు పనులూ ఒకే చేత్తో, ఒకే నిమిషంలో సాగవు. ఉన్న ఒక్కరూ సెలవు పెడితే, శిక్షణకో ఎన్నికల విధులకో వెళ్తే ఆ రోజు బోధన లేనట్లే.

అసలు లెక్క ఇదీ

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకే కాంప్లెక్స్ పరిధిలో దగ్గరదగ్గరగా మూడు బడులున్నాయి. వాటిలో 12, 18, 25 మంది చొప్పున మొత్తం 55 మంది పిల్లలున్నారు. చట్టం ప్రకారం ఒక్కో బడికి ఇద్దరు చొప్పున ఆరుగురు ఉపాధ్యాయులు ఉండాలి. మూడింటినీ కలిపితే 55 మందితో ఒకే బడి అవుతుంది. అదే చట్టం ప్రకారం దానికి ఇద్దరు చాలు. నలుగురు ‘మిగులు’ అవుతారు.

ఆ నలుగురినీ వేరే మండలానికి పంపితే 55 మంది పిల్లలు, ఐదు తరగతులు ఇద్దరి మీద పడతాయి. వెనక ఒక్కో బడిలో ఇద్దరు చూసుకున్నది సగటున 18 మందినే. అంటే పిల్లలు ఎక్కువ దూరం నడిచి, ఇదివరకటి కన్నా తక్కువ శ్రద్ధ పొందుతారు. ఆరుగురిలో ఐదుగురిని అక్కడే ఉంచితే తరగతికి ఒకరు చొప్పున దొరుకుతారు. ఆరో ఉపాధ్యాయుడు కాంప్లెక్స్‌లో ఎవరు సెలవు పెట్టినా ఆ బడికి వెళ్లి పాఠం చెప్పవచ్చు. ప్రభుత్వానికి కొత్తగా పైసా ఖర్చు లేదు. పిల్లలకు మాత్రం తరగతి ఉపాధ్యాయుడు దక్కుతాడు. విలీనం ఒకటే అయినా ఫలితాలు రెండు.

చట్టంలో ఉన్నది కనీస సంఖ్య మాత్రమే. అంతకన్నా ఎక్కువ మందిని ఇవ్వకూడదని ఎక్కడా లేదు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఆగస్టు 12న ఇచ్చిన హేతుబద్ధీకరణ ఉత్తర్వు, జీవో 25పై ఉపాధ్యాయ సంఘాల అభ్యంతరం ఇక్కడే మొదలైంది. పిల్లల సంఖ్యతో పాటు తరగతుల సంఖ్యనూ చూడాలని, ప్రతి తరగతికి ఒకరిని ఇవ్వాలని ఆ సంఘాలు కోరుతూ వచ్చాయి.

నిధులు, వంట మనిషి

ఉపాధ్యాయుల తర్వాత చూడాల్సింది నిధులు. సమగ్ర శిక్షా కింద ఇచ్చే వార్షిక పాఠశాల గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు రూ.10 వేలు, 31 నుంచి 100 వరకు రూ.25 వేలు, 101 నుంచి 250 వరకు రూ.50 వేలు. పై ఉదాహరణలోని మూడు బడులకు విడివిడిగా వచ్చేది రూ.30 వేలు. కలిపాక రూ.25 వేలే. మొత్తం తగ్గినా సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరుగుదొడ్ల శుభ్రత, చిన్న మరమ్మతులు మూడు చోట్ల కాక ఒకేచోట చూసుకుంటే సరిపోతుంది. ఇది విలీనం వైపు మొగ్గే వాదన.

దీనికి మరో పార్శ్వం ఉంది. మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం 25 మంది పిల్లల వరకు ఒక వంట మనిషి, 26 నుంచి 100 వరకు ఇద్దరు ఉంటారు. మూడు బడుల్లో ముగ్గురు వండేవారు. కలిపాక ఇద్దరే. ఒక పేద మహిళ జీవనాధారం పోతుంది. కాగితంపై మిగులుగా కనిపించేది ఎవరి ఇంట లోటవుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఖాళీ అయ్యే గదుల సంగతీ ముందే తేల్చాలి. అంగన్‌వాడీకో గ్రంథాలయానికో అప్పగిస్తే అవి నిలుస్తాయి. తాళం వేసి వదిలేస్తే రెండు వానాకాలాల్లో పాడుబడతాయి.

పటంలో ఒక దూరం.. దారిలో మరో దూరం

ఉమ్మడి రాష్ట్రంలో రూపొందిన విద్యాహక్కు నిబంధనలు 1 నుంచి 5 తరగతుల బడి ఒక కిలోమీటరు నడక దూరంలో, 6 నుంచి 8 తరగతుల బడి మూడు కిలోమీటర్లలో ఉండాలని చెప్పాయి. ఇందులో ‘నడక’ అన్న మాట ముఖ్యమైనది. కాజీపేట జంక్షన్ నుంచి సికింద్రాబాద్, బల్లార్షా, వరంగల్ వైపు మార్గాలు చీలిపోతాయి. పట్టాలకు ఇటొక బస్తీ, అటొక బస్తీ ఉంటాయి. పటంపై గీత గీస్తే అర కిలోమీటరు దూరమే కనిపించవచ్చు. వంతెన చుట్టి వెళ్లాల్సిన పిల్లవాడికి అది రెట్టింపు అవుతుంది. ఫాతిమానగర్ రైల్వే వంతెనపై వాహనాల రద్దీ, మడికొండ మీదుగా సాగే హైదరాబాద్ జాతీయ రహదారి వేగం ఆరేళ్ల పిల్లలకు దూరం కన్నా పెద్ద అడ్డంకులు. దగ్గరి దారని పట్టాలు దాటే అలవాటు పడితే జరగకూడనిది జరుగుతుంది.

అందుకే దూరాన్ని పిల్లల అడుగులతో కొలవాలి. బడి దూరమైన చోట రవాణా భత్యానికి సమగ్ర శిక్షాలో వీలుంది. ఒక్కో విద్యార్థికి ఏడాదికి గరిష్ఠంగా రూ.6 వేల వరకు ఇవ్వవచ్చు. విలీన ఉత్తర్వుతో పాటే ఆ భత్యం మంజూరు కావాలి. బడి ముందు మూసి, భత్యం తర్వాత వస్తుందంటే ఆ మధ్యలో ఆడపిల్లలే ముందుగా ఇంట్లో ఆగిపోతారు. దర్గా కాజీపేట వంటి చోట్ల ఉర్దూ మాట్లాడే కుటుంబాల పిల్లల మాధ్యమాన్ని కూడా చూడాలి. దగ్గరి బడి అయినంత మాత్రాన అది వారికి సరైన బడి కాకపోవచ్చు.

ఇతర చోట్ల అనుభవాలు

పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2022 జూన్ 10న జీవో 117తో 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించే విధానం తెచ్చింది. చిన్న తరగతులకూ సబ్జెక్టు ఉపాధ్యాయులు దొరుకుతారన్నది దాని ఉద్దేశం. ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడులు బక్కచిక్కాయని, పిల్లలకు దూరం పెరిగిందని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు నిరసన తెలిపారు. 2025లో ఆ విధానాన్ని ఉపసంహరించుకున్నారు. తరగతికో ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల వైపు ఆ రాష్ట్రం మళ్లింది.

రాజస్థాన్ 2014లో 17 వేలకు పైగా బడులను విలీనం చేసింది. వ్యతిరేకత రావడంతో కొన్నింటిని తిరిగి విడదీయాల్సి వచ్చింది. చైనా 2001 నుంచి పల్లె బడులను పెద్దఎత్తున కలిపింది. చిన్న పిల్లలు ఇల్లు వదిలి వసతి గృహాల్లో ఉండటం, దూర ప్రయాణాలు భారమవడంతో 2012లో అక్కడి ప్రభుత్వమే విచ్చలవిడి మూసివేతలను ఆపింది. ఎక్కడ చూసినా తొందరపాటుకు మూల్యం చెల్లించింది పిల్లలే.

మూడో దారి ఉంది

కలపడం, మూయడం రెండే మార్గాలు కావు. 1964-66 నాటి కొఠారి కమిషన్ పాఠశాలల సముదాయం అనే ఆలోచన చెప్పింది. ఒక ఉన్నత పాఠశాల కేంద్రంగా చుట్టూ ఉన్న ప్రాథమిక పాఠశాలలు ఒక కుటుంబంలా పనిచేయాలన్నది దాని సారం. 2020 జాతీయ విద్యా విధానం అదే ఆలోచనను ఐదు నుంచి పది కిలోమీటర్ల పరిధిలో అంగన్‌వాడీలతో సహా అమలు చేయాలని సూచించింది. మన దగ్గర పాఠశాల కాంప్లెక్స్‌లు ఎప్పటి నుంచో ఉన్నా వాటి పని చాలావరకు సమావేశాలకు, నివేదికలకు పరిమితమైంది.

కాంప్లెక్స్‌కు నిజమైన అధికారం ఇస్తే బడిని కదిలించకుండానే చాలా పంచుకోవచ్చు. సెలవు పెట్టిన వారి స్థానంలో వెళ్లే ఉపాధ్యాయుడు, వారానికి రెండు రోజులు వచ్చే వ్యాయామ ఉపాధ్యాయుడు, నెలకోసారి బడి మారే పుస్తకాల పెట్టె, ఉన్నత పాఠశాల కంప్యూటర్ గది.. ఇవన్నీ ఉమ్మడి ఆస్తులు కాగలవు. ఇందుకు ఒక అడ్డంకి ఉంది. ప్రభుత్వ యాజమాన్యం, స్థానిక సంస్థల యాజమాన్యం ఉపాధ్యాయుల సీనియారిటీ జాబితాలు వేర్వేరు. పక్కపక్క బడులైనా యాజమాన్యం వేరైతే శాశ్వతంగా ఉపాధ్యాయుడిని మార్చడం కష్టం. తాత్కాలిక సర్దుబాటుతోనే నెట్టుకురావాల్సి వస్తుంది.

తల్లిదండ్రులు అడగాల్సినవి

విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని చెప్పింది. విలీన ప్రతిపాదన వచ్చినప్పుడు కమిటీ ఈ ప్రశ్నలకు లిఖితపూర్వక జవాబు కోరవచ్చు.

* కలిపాక తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉంటారా? ఎంతకాలం?
* కొత్త బడికి నడక దారిలో పట్టాలు, పెద్ద రోడ్డు ఉన్నాయా?
* రవాణా భత్యం ఏ నెల నుంచి వస్తుంది?
* అక్కడ తగినన్ని గదులు, మరుగుదొడ్లు, తాగునీరు ఉన్నాయా?
* పిల్లల మాధ్యమం మారుతుందా?
* పాత భవనం, వంట మనిషి సంగతేమిటి?

వీటికి సరైన జవాబులుంటే విలీనాన్ని కాదనాల్సిన పనిలేదు. ఎనిమిది మంది పిల్లలతో, ఆడుకునే తోడు లేక, ఒక్క ఉపాధ్యాయుడితో నడిచే బడి కన్నా యాభై మందితో, ఐదుగురు ఉపాధ్యాయులతో నడిచే బడి మేలే. జవాబులు లేకుంటే ముందు కాంప్లెక్స్ స్థాయిలో పంపకం, ఆ తర్వాతే విలీనం అన్న వరుసను పాటించడం మంచిది.

యూడైస్ వివరాలకు ఏటా సెప్టెంబరు 30ని ప్రామాణిక తేదీగా తీసుకుంటారు. ఆ రోజు రికార్డుల్లో ఉన్న పిల్లల సంఖ్యే గ్రాంటుకు, ఉపాధ్యాయుల లెక్కకు ఆధారమవుతుంది. కనుక జూన్‌లో బడి తెరిచిన నాటి నుంచి సెప్టెంబరులోగా ప్రతి కమిటీ తమ బడి లెక్కను ఒకసారి సరిచూసుకోవడం అవసరం.