ఉద్యోగార్థులగు రైతుబిడ్డలకు

మన డెల్టా దిగువ గ్రామములలో కమతములు తరతరమునకు చీలిపోవుచున్నవి. రెండెకరముల మీద ఇద్దరు బిడ్డల సంసారములు సాగుట దుర్లభము. కావున బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల యువతీయువకులు ఉద్యోగములకు దరఖాస్తులు పెట్టుకొనుచున్నారు. వారికిని, వారి తలిదండ్రులగు మన సభ్యులకును ఉపకరించునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఏ ఉద్యోగమునకు ఇంటర్వ్యూ కలదో, దేనికి లేదో ముందుగా తెలిసికొనవలయును. 2016 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వము గ్రూపు సి ఉద్యోగములకును, గెజిటెడు కాని గ్రూపు బి ఉద్యోగములకును ఇంటర్వ్యూలను తొలగించినది. 2025 మెగా డీఎస్సీలో వ్రాతపరీక్షకు 80, టెట్టునకు 20 వంతుల చొప్పున మార్కులు లెక్కించిరి; ఇంటర్వ్యూ లేదు. ఇట్టి ఉద్యోగములకు “ఇంటర్వ్యూలో మేము చూచుకొందుము” అని సొమ్మడుగువాని మాట శుద్ధ అబద్ధము. పొలము తాకట్టుపెట్టి వానికిచ్చిన సొమ్ము తిరిగిరాదు.

దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదవ తరగతి ధ్రువపత్రములో నున్నట్లే యుండవలయును. ఒకచోట ఇంటిపేరు పూర్తిగాను, మరియొకచోట పొడియక్షరముగాను ఉన్నచో ముందుగానే సరిచేయించుకొనుట మేలు. రాష్ట్ర ఉద్యోగములకు చూపు బీసీ పత్రము వేరు, కేంద్ర ఉద్యోగములకు వలయు ఓబీసీ పత్రము వేరు. గడువు దగ్గరపడినపిదప తహసీలు కచేరీకి పరుగెత్తుట వలన ప్రయోజనముండదు.

ఇక ఇంటర్వ్యూ కల ఉద్యోగములలో గ్రామీణ బ్యాంకు ఆఫీసరు పని మన బిడ్డలకు తగినది. 2025 మే 1న మన రాష్ట్రమందలి నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడినవి. ఈ కొలువునకు వ్యవసాయము, సహకారము చదివినవారికి ప్రాధాన్యము కలదు. అయినను కొందరు తండ్రి వృత్తి యడిగినపుడు సిగ్గుపడి తల వంచుదురు. అది తగదు. వరికోతకు ముందే మినుములేల చల్లుదురనిన, నేలలో మిగిలిన తేమతో పైరు పెరుగుననియు, వేరే దుక్కి అక్కరలేదనియు చెప్పగల బిడ్డకు అప్పు తీసికొను రైతు అవసరము తెలిసియే యుండును. పంటఋణము, కిసాన్ క్రెడిట్ కార్డు, సముద్రతీర భూములకు ఉప్పు పట్టు తీరు — వీనిని తన ఊరి ఉదాహరణలతో చెప్పుట నేర్వవలయును.

తలిదండ్రులు రాత్రి భోజనమైన పిదప ఒక ప్రశ్న యడిగి, రెండు నిమిషములలో బదులు చెప్పింపవలెను. తెలియనిదానిని “తెలియదండీ” యని నెమ్మదిగా ఒప్పుకొనుటయు అభ్యసింపవలసినదే. కల్పించి చెప్పినచో తరువాతి ప్రశ్నలో పట్టుబడుదురు. కొడుకులకు చేయు ఈ సాయము కూతుండ్రకును సమముగా చేయవలెనని మా మనవి.