స్మార్ట్ స్కేల్ చూపించే ‘బోన్ మాస్’ని నమ్మొచ్చా? అసలు టెస్ట్ వేరే ఉంది!

ఇప్పుడు బడ్జెట్ స్మార్ట్ స్కేల్ కొన్నా సరే, యాప్‌లో బరువు, బాడీ ఫ్యాట్‌తో పాటు ‘బోన్ మాస్ నార్మల్’ అని గ్రీన్ కలర్‌లో కనిపిస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ స్కేల్ మీ ఎముకల్ని అసలు కొలవదు!

పాదాల కింద ఉన్న మెటల్ ప్లేట్ల నుంచి చాలా తక్కువ కరెంట్ పంపి, ఒంట్లో దానికి ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. మీరు యాప్‌లో ఇచ్చిన ఎత్తు, వయసు, జెండర్‌ని ఆ రీడింగ్‌కి కలిపి ఫార్ములాలో వేస్తుంది. వచ్చేది అంచనా మాత్రమే. ప్రొఫైల్‌లో ఎత్తు మార్చి మళ్లీ ఎక్కితే బోన్ మాస్ కూడా మారిపోయిందంటే ఆశ్చర్యపోకండి.

నిజంగా కొలిచేది డెక్సా స్కాన్. ఇందులో రెండు వేర్వేరు ఎనర్జీల ఎక్స్‌రేలు పంపుతారు. ఎముక, కండ వాటిని ఒకేలా ఆపవు. ఆ తేడాని బట్టి ఎముకలో ఖనిజం ఎంతుందో తేలుతుంది. ముఖ్యంగా నడుము దగ్గర వెన్నెముకకి, తుంటికి తీస్తారు. రేడియేషన్ మామూలు ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువే.

రిపోర్ట్‌లో చూడాల్సింది టి-స్కోర్. ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకలతో పోల్చి ఇచ్చే నంబర్ ఇది. -1, అంతకన్నా పైన ఉంటే నార్మల్. -2.5, అంతకన్నా కిందకి పోతే ఆస్టియోపొరోసిస్. మధ్యలో ఉంటే ఆస్టియోపెనియా. మన వయసు వాళ్లకి మాత్రం టి-స్కోర్ కాదు, అదే వయసు వాళ్లతో పోల్చే జెడ్-స్కోర్ చూస్తారు.

ఇంకోటి. వేర్వేరు ఆంటుటు వెర్షన్ల స్కోర్లు పోల్చకూడదని మనకి తెలుసు కదా, ఇక్కడా అంతే. జీఈ మెషీన్‌లో తీసిన రిపోర్ట్‌ని హోలోజిక్ మెషీన్ రిపోర్ట్‌తో నేరుగా పోల్చలేం. రెండోసారి కూడా వీలైతే అదే సెంటర్‌కి వెళ్లడం బెటర్. ఇక క్యాంపుల్లో మడమకి చేసేది అల్ట్రాసౌండ్. స్క్రీనింగ్‌కి ఓకే, కానీ జబ్బు ఉందని తేల్చడానికి అది చాలదు.

నిజానికి ఈ టెస్ట్ మనకంటే ఇంట్లో పెద్దవాళ్లకే ఎక్కువ అవసరం. ఎముక గుల్లబారుతుంటే నొప్పి ఉండదు, విరిగాకే తెలుస్తుంది. అమ్మమ్మకి 65 దాటినా, పీరియడ్స్ ఆగిపోయిన అమ్మకి చిన్నగా జారిపడితేనే ఎముక విరిగినా, చాలాకాలంగా స్టెరాయిడ్ మందులు వాడుతున్నా, స్కేల్ మీద నిలబెట్టి ‘నార్మలే’ అనుకోకుండా డాక్టర్‌ని అడగండి.

ఈలోగా షెఫీల్డ్ యూనివర్సిటీలో తయారైన ఫ్రాక్స్ కాలిక్యులేటర్‌ని బ్రౌజర్‌లో ఓపెన్ చేసి, దేశం దగ్గర ఇండియా సెలెక్ట్ చేయండి. 40 నుంచి 90 ఏళ్ల వాళ్లకి, వచ్చే 10 ఏళ్లలో ఎముక విరిగే రిస్క్ ఎంతో చెబుతుంది. డెక్సా రిపోర్ట్ లేకపోయినా పనిచేస్తుంది. స్కాన్‌కి వెళ్లే రోజు మాత్రం కాల్షియం టాబ్లెట్ వేయకండి.